స్టార్ ట్రెక్‌లో కెప్టెన్‌కి సీటు బెల్టు ఎందుకుండదు?

మీరడిగింది ఇదీ: అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్‌లో శత్రువు ఒక్క దెబ్బ కొట్టగానే బ్రిడ్జి మీద, అంటే నౌకని నడిపే గదిలో, ఉన్న వాళ్లంతా కుర్చీల్లోంచి ఎగిరి పడతారు, మూడొందల ఏళ్ల తర్వాతి మనుషులకి ఒక బెల్టు కట్టుకోవాలని తోచదా, లేక కథలో దానికేమైనా కారణం ఉందా అని.

కారణం ఉంది. కానీ అది నిలబడదు. ఎందుకు నిలబడదో లెక్కలు వేసుకోకముందే నా ముందుపన్ను నాకు చెప్పేసింది.

నాలుగేళ్ల కింద సూర్యాపేట నుంచి ఖమ్మం వైపు ఒక పెళ్లికి వెళ్తున్నాం. అద్దె కారు. వెనక సీట్లో మధ్యలో నేను, అటు అక్క, ఇటు మేనల్లుడు. బెల్టు కోసం చెయ్యి పెడితే దాని కొసనుండే ఇనప నాలుక దొరికింది గానీ అది దిగాల్సిన బకిల్ ఎక్కడా తగల్లేదు. కొత్త సీటు కవర్ వేయించినప్పుడు బకిళ్లన్నీ దాని కిందకి పోయాయి. "వెనకోళ్లని ఎవరూ అడగర్లే సార్" అన్నాడు డ్రైవరు. సరే అనుకుని, ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టి మా బావతో కబుర్లలో పడ్డాను. ఒక ఊరు దాటుతుండగా గేదె అడ్డమొచ్చింది. బండి అప్పటికి అరవై మీద ఉంది, రెండు సెకన్లలో ఆగిపోయింది. గేదెకి ఏమీ కాలేదు, కారుకీ కాలేదు. అరిసెల డబ్బా మూత ఊడి డాష్‌బోర్డు మీదకి పోయింది, నా మూతి పోయి ముందు సీటు తలగడ కడ్డీకి కొట్టుకుంది. పన్ను సగం విరిగింది. గుద్దుకోవడమేం లేదు, కేవలం బ్రేకు.

తర్వాత లెక్కేశాను. అరవై నుంచి సున్నాకి రెండు సెకన్లంటే సుమారు 0.85 జీ. భూమి మనల్ని లాగే బలం ఒక జీ అనుకుంటే, అంతకంటే తక్కువే. ఈ 0.85 గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నౌకలోకి వద్దాం. మా మేనల్లుడికి స్టార్ ట్రెక్ పిచ్చి. వాడి వాదనేంటంటే, "మావయ్యా, అందులో ఇనర్షియల్ డ్యాంపర్లుంటాయి. నౌక ఎంత వేగం అందుకున్నా లోపలి మనుషులకి తెలియకుండా అవి చూసుకుంటాయి. బెల్టుతో పనేముంది?" కథలో చెప్పే కారణం ఇదే. అవి లేకపోతే బెల్టు ఉన్నా దండగే, ఆ మాట మాత్రం నిజం. నౌక పది సెకన్లలో కాంతి వేగంలో మూడు శాతం, అంటే సెకనుకు 9,000 కిలోమీటర్లు అందుకుందనుకోండి. దాదాపు 92 వేల జీ. డెబ్భై కిలోల మనిషి ఆ పది సెకన్లూ ఆరువేల టన్నుల పైచిలుకు తూగుతాడు. బెల్టూ, కుర్చీ, కెప్టెనూ కలిసి వెనక గోడకి పూతైపోతారు.

కాబట్టి డ్యాంపర్లు పనిచేస్తున్నాయనే ఒప్పుకుందాం. కానీ స్క్రీన్ మీద మనుషులు ఊగిపోతున్నారంటేనే అవి పూర్తిగా పట్టలేకపోతున్నాయని కదా అర్థం? ఎంత తప్పుతోంది? లక్షలో ఒక్క వంతు అనుకోండి. 92 వేల జీలో లక్షో వంతు 0.92 జీ. నా పన్ను విరగ్గొట్టిన బ్రేకు కంటే పిసరంత ఎక్కువ. అది పక్కవాటుగా వచ్చిందంటే ఆ క్షణానికి నేల ఏటవాలుగా ఒరిగిపోయినట్టుంటుంది, అందరూ అటు జారి పడతారు. తెరమీద మనం చూసేది సరిగ్గా అదే. డ్యాంపరు మింగలేక వదిలేసిన ఆ చిన్న కుదుపుకి మామూలు కారు బెల్టు చాలు. అంటే డ్యాంపర్లున్నాయి కాబట్టి బెల్టు అక్కర్లేదని కాదు, అవి ఉన్నాయి కాబట్టే బెల్టుకి పని ఉంది.

సరిగ్గా కట్టుకుంటే మనిషి ఎంతవరకు తట్టుకోగలడో చూపించినవాడు అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్. 1954 డిసెంబరు 10న న్యూ మెక్సికోలో రాకెట్లు బిగించిన బండి మీద గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటి, 1.4 సెకన్లలో ఆగాడు. ఆయన మీద పడింది 46.2 జీ. కళ్లల్లో రక్తం దిగి కాసేపు చూపు పోయింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత 89 ఏళ్లదాకా బతికాడు. నేను 0.85కే పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను.

పోనీ ఆ రోజుల్లో తెలియదనుకుందామా అంటే, సీరియల్ మొదలైంది 1966 సెప్టెంబరులో. అదే ఏడాది మార్చి 16న జెమిని 8 అనే అమెరికా అంతరిక్ష నౌకలో ఒక థ్రస్టర్, అంటే నౌకని తిప్పే చిన్న రాకెట్, ఆగకుండా మండుతూ ఉండిపోయి, నౌక సెకనుకి దాదాపు ఒక చుట్టు చొప్పున గింగిరాలు తిరిగింది. లోపల నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ సీట్లకి కట్టుకుని ఉన్నారు కాబట్టే చేతులు స్విచ్చుల దగ్గర నిలిచాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ తిరుగు ప్రయాణానికి దాచిన థ్రస్టర్లు వాడి ఆపాడు. అదే సమయంలో ఆయన క్యాబిన్‌లో దొర్లుతూ ఉంటే?

నన్నడిగితే అసలు కారణం కెమెరా. కెమెరాని ఒక పక్కకి వంచి, నటుల్ని ఇంకో పక్కకి తూలమంటే పైసా ఖర్చు లేకుండా యుద్ధం అయిపోతుంది. బెల్టు కడితే తూలేదెవరు? పైగా అమెరికాలో కొత్త కార్లన్నిటికీ బెల్టు ఉండి తీరాలన్న నియమం 1968 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. చూసేవాళ్లకే అలవాటు లేని వస్తువు తెరమీద లేదని అడిగేదెవరు?

తర్వాత వాళ్లకీ సిగ్గేసినట్టుంది. 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో కుర్చీ చేతులే తొడల మీదకి మడుచుకుని పట్టుకుంటాయి. 2002లో వచ్చిన ఇంకో సినిమా నెమెసిస్‌లో కెప్టెన్ పికార్డ్ కొత్త కుర్చీకి బెల్టు పెట్టారు గానీ, ఆ సీను సినిమాలోంచి తీసేశారు! ఇక మొదటి సీరియల్ కెప్టెన్ కిర్క్ పాత కుర్చీకి బెల్టొక్కటే కాదు, తలగడ కూడా లేదు. వీపు సగానికే ఉంటుంది. ఇన్ని దెబ్బలకి ఆయన మెడ ఎలా నిలిచిందో మరి.

వార్ఫ్‌దైతే మరీ అన్యాయం. 1987లో మొదలైన రెండో స్టార్ ట్రెక్ సీరియల్లో నౌక అధికారి ఆయన, ఆయుధాల బల్ల దగ్గర పనంతా నిలబడే.

ఇదంతా చెప్పాక మా వాడు ఆఖరి అస్త్రం తీశాడు. మంటలొస్తే టక్కున లేవాలి కదా, బెల్టుంటే ఎలా అని. విమాన పైలట్లు కట్టుకునే అయిదు పట్టీల బెల్టుకి కడుపు మీద ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాన్ని తిప్పితే పట్టీలన్నీ ఒకేసారి ఊడిపోతాయి, ఒక్క చెయ్యి చాలు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి వార్ఫ్‌కి?" అన్నాడు.

ముందు ఆయనకో కుర్చీ వెయ్యమను, బెల్టు సంగతి తర్వాత చూద్దాం అన్నాను.