మావయ్యగారి కుక్క, మా పాప తెచ్చిన పిల్లిపిల్ల

ప్రశ్న: మాది రాజోలు దగ్గర గోదావరి గట్టు పక్క ఊరండి. మావారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఏడో తరగతి చదివే మా పాప ఉంటాం. మావయ్యగారు సంక్రాంతి వెళ్లాక కాలం చేశారు. ఆయన పెంచిన నాటు కుక్క టామీకి పదకొండేళ్లు. పోయిన వారం పాప ట్యూషన్ నుంచి వస్తూ ఓ పిల్లిపిల్లని తెచ్చింది. తల్లి 216 హైవే మీద లారీ కింద పడిపోయిందట. కూన కళ్లు తెరిచింది గానీ నడక ఇంకా తూలుతోంది. గేదెపాలు పడుతుంటే విరేచనాలు అవుతున్నాయి. మొన్న అది టామీ పడుకునే గోనెపట్టా మీదకి పాకితే, వాడు గుర్రుమని గాల్లో కొరికాడు. తగల్లేదు. అప్పటి నుంచి అన్నం సగమే తింటున్నాడు. "ఆయన మీద బెంగతోనే అది చిక్కి సగమైంది, ఇప్పుడు దీన్ని తెచ్చి చంపేస్తారా" అని అత్తయ్యగారు ఏడుస్తున్నారు. పిల్లిని చేపల మార్కెట్‌లో వదిలేసి రమ్మంటున్నారు. మావారూ ఫోన్లో అదే మాట. పాపేమో నాతో మాట్లాడటం మానేసింది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఒక్క పని మాత్రం చెయ్యకండి. ఆ కూనని మార్కెట్‌లో వదలకండి. కళ్లు తెరిచి నడక తూలుతోందంటే దానికి మూడు వారాలు ఉండొచ్చు. ఆ వయసు పిల్ల దానంతట అది తినలేదు, ఒంట్లో వేడి నిలుపుకోలేదు. చుట్టూ చేపముక్కలు ఎన్ని పడి ఉన్నా దానికి పనికిరావు. ఒక రాత్రి గడవడమే కష్టం. జంతువుని ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. అంతకంటే ముఖ్యం, పాప బడికి వెళ్లినప్పుడు వదిలేసి వచ్చి "అదే పారిపోయింది" అని చెప్పకండి. తాతయ్యని పోగొట్టుకున్న ఏడాదిలోనే ఆ పిల్లకి ఇంట్లోవాళ్ల మాట మీద నమ్మకం పోకూడదు.

మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఇది. కుక్కా పిల్లీ కలుస్తాయా లేదా అన్నది తేలిపోవాలని మీ ఇంట్లో అందరూ తొందరపడుతున్నారు. అది చివర తేలాల్సిన సంగతి. మొదట కూన కడుపు బాగుపడాలి. తర్వాత టామీకి ఏమైందో తెలియాలి. అప్పటిదాకా ఆ రెండూ ఎదురుపడాల్సిన పనే లేదు.

గేదెపాలు ఈ పూటే ఆపేయండి. ఆవుపాలూ వద్దు. పిల్లిపిల్లలకి అవి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అరచేతిలో పట్టేంత ప్రాణి ఒంట్లో నీరు తగ్గిపోతే ఒక్కరోజులోనే నీరసించిపోతుంది. కాబట్టి ఈరోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లిపిల్లల కోసమే తయారయ్యే పాలపొడి ఉంటుంది, 'కిట్టెన్ మిల్క్ రీప్లేసర్' అని అడగాలి. మీ దగ్గర దొరక్కపోతే అమలాపురం, రాజమండ్రి, కాకినాడల్లో పెట్ షాపుల వాళ్లని ఫోన్ చేసి అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించండి. అది చేతికొచ్చేదాకా ఏం పట్టాలో డాక్టరుగారినే అడగండి.

ఈ వయసులో నాలుగు గంటలకోసారి పాలు పట్టాలి, రాత్రి కూడా. పట్టే ముందు ఒళ్లు తాకి చూడండి. చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. చల్లబడిన కూనకి పాలు అరగవు. సీసాలో వేడినీళ్లు పోసి, మందంగా పాత చీర ముక్క చుట్టి అట్టపెట్టెలో ఓ పక్కన పెట్టండి. వేడి ఎక్కువైతే అది పక్కకి జరగడానికి చోటు ఉండాలి. ఇంకో సంగతి, మన ఇళ్లలో చంటిపిల్లలకి ఉగ్గు పెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కాస్త పైకెత్తి, చిన్న సీసాతోనో సూదిలేని సిరంజితోనో బొట్టుబొట్టుగా పట్టాలి. తాగాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవండి. మూడు వారాల లోపు కూనలు తల్లి నాకితేనే ఒంటికి, రెంటికి వెళ్లగలవు. ఇంకొన్నాళ్లకి అదే నేర్చుకుంటుంది. అప్పుడు ఓ పాత ట్రేలో ఇసుక పోస్తే చాలు.

ఈ పనిలో పాపకి ఒక బాధ్యత అప్పగించండి. వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకి తూచి నోటుపుస్తకంలో రాయమనండి. రోజుకి సుమారు 10 గ్రాములు పెరుగుతుంటే కూన కోలుకుంటున్నట్టు. పెరగకపోయినా, తగ్గినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక టామీ. వాడు అన్నం తగ్గించడానికి పిల్లే కారణమని అందరూ అనేసుకున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. పదకొండేళ్ల కుక్కకి పళ్ల నొప్పి ఉండొచ్చు, కీళ్లు పట్టేసి ఉండొచ్చు, చూపో వినికిడో తగ్గి ఉండొచ్చు. మన తడి నేలల్లో, ఎలకలు తిరిగే కొబ్బరితోటల్లో కుక్కలకి లెప్టోస్పైరోసిస్ అని, ఎలకల మూత్రం వల్ల సోకే జబ్బు వచ్చే వీలుంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరం సరేసరి. ఇవన్నీ తిండి మాన్పించేవే. నొప్పితో ఉన్న కుక్క మీదకి ఏదో మెత్తగా పాకుతూ వస్తే గుర్రుమంటుంది. అందుకని కూనతో పాటు వాడినీ చూపించండి. కదిలించలేకపోతే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో కూడా చూసుకోండి. వాడికి గోమార్ల మందు వేస్తే మాత్రం చాలా జాగ్రత్త. పర్మెత్రిన్ ఉన్న మందు పిల్లుల ప్రాణం తీస్తుంది. కుక్క ఒంటి మీద తడిగా ఉన్న మందుకి రాసుకున్నా ప్రమాదమే. పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే, జ్వరమని పొరపాటున కూడా వెయ్యకండి.

ఒళ్లు బాగానే ఉందని డాక్టరు చెప్తే, అప్పుడు బెంగ గురించి ఆలోచించాలి. ఆ బెంగ పిల్లి వచ్చాక మొదలైంది కాదు, సంక్రాంతి తర్వాత మొదలైంది. మావయ్యగారు ఉండగా వాడి రోజు ఎలా గడిచేదో గుర్తు చేసుకోండి. ఆయనతో తెల్లారి కాలవగట్టు మీద నడక, ఆయన చేతి ముద్ద, సాయంత్రం అరుగు మీద ఆయన కాళ్ల దగ్గర పడుకోవడం, ఇలాంటివి ఏవో ఉండే ఉంటాయి. అవి ఒక్కసారిగా ఆగిపోయి, వాటి బదులు ఏదీ రాలేదు. ఉన్న ఒక్క గోనెపట్టా మీదకి ఇప్పుడు కొత్త ప్రాణి వచ్చింది. నేను వాణ్ణి తప్పుపట్టలేను. ఆ పట్టా ఉన్న చోటు పూర్తిగా వాడిదే కావాలి, కూన ఎప్పటికీ అక్కడికి వెళ్లకూడదు. పొద్దున్న మీరో పాపో కాసేపు గట్టు దాకా తిప్పుకురండి. వాడికి అన్నం పెట్టాకే కూనని చేతిలోకి తీసుకోండి.

ఆ అన్నం అత్తయ్యగారి చేత పెట్టించండి. ఆవిడకి పిల్లి మీద పగేమీ లేదమ్మా. ఏడాది తిరగని దుఃఖంలో ఉన్నారు, భర్త తాలూకు ప్రాణమున్న గుర్తు ఆ కుక్క ఒక్కటే. అది కూడా పోతుందేమోనని ఆవిడ భయం. అలాంటప్పుడు పిల్లి మంచిదా చెడ్డదా, శకునమా కాదా అని వాదనకి దిగితే ఇంకా గట్టిగా పట్టుపడతారు. "మావయ్యగారు టామీని ఎప్పుడు తెచ్చారండీ? చిన్నప్పుడు ఏం పెట్టేవారు?" అని అడగండి. ఆవిడ చెప్పేటప్పుడు పాప కూడా పక్కన కూర్చోవాలి. తర్వాత నేరుగా చెప్పండి: "టామీకి ఏ లోటూ రానివ్వనండి అత్తయ్యా. డాక్టరుకి చూపించాను. వాడి చోటుకి పిల్లి రాదు. ఈ రెండు నెలలూ నాకు వదిలేయండి." ఆవిడకి కావలసింది ఈ హామీయే అని నా నమ్మకం.

మీవారిని ఈ తగువుకి తీర్పరిని చెయ్యకండి. కువైట్‌లో కూర్చుని, తల్లి ఏడుపు ఫోన్లో విన్న మనిషి "పారేయండి" అనక ఇంకేమంటాడు? టామీ ఆయనకి కూడా తండ్రి గుర్తే. డాక్టరు ఏమన్నారో చెప్పండి, టామీ ఫోటోలు పంపండి. రోజూ వాళ్లమ్మతో ఆ కుక్క గురించి కాసేపు మాట్లాడమనండి. పిల్లి సంగతి ఇంట్లో మేం చూసుకుంటాం అనండి.

కూన నాలుగైదు వారాలు దాటి, కడుపు కుదుటపడి, చురుగ్గా నడుస్తున్నప్పుడు పరిచయం మొదలుపెట్టొచ్చు. మొదట వాసనతోనే. కూన పడుకున్న గుడ్డ టామీ గదిలో ఓ మూల పెట్టండి, టామీని తుడిచిన గుడ్డ కూన పెట్టెలో పెట్టండి. మూతి మీదకి తోసి వాసన చూపించకండి, వాడే వచ్చి చూసి వెళ్లాలి. ఆ గుడ్డని పట్టించుకోవడం మానేశాక, వసారా కటకటాల తలుపుకి అటూ ఇటూ ఉంచండి. కమ్మీల మధ్య నుంచి కూన దూరిపోతుంది కాబట్టి కింది భాగానికి జాలీ బిగించండి. మీ టామీని ఎప్పుడూ కట్టేసి ఉండరు. కొత్తగా గొలుసు వేస్తే వాడికి అదో బాధ, అందుకే తలుపు మేలు.

అప్పుడు వాడి ఒళ్లు గమనించండి. తల పక్కకి తిప్పుకున్నా, మూతి నాక్కున్నా, కాసేపు చూసి పడుకున్నా మంచిదే. గుర్రుమన్నా కంగారు పడకండి, కొట్టకండి. "దూరంగా ఉండు" అని చెప్పడానికి వాడికున్న మాట అదొక్కటే. కొడితే ఆ మాట మానేసి తిన్నగా కరవడం నేర్చుకుంటాడు. నేను భయపడేది చప్పుడు లేని చూపుకి. నోరు మూసి, ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా కూననే చూస్తూ నిలబడితే అది వేట చూపు. వెంటనే వాణ్ణి పేరు పెట్టి పిలిచి అవతలికి తీసుకెళ్లండి, ఆ రోజుకి ఆపేయండి. ఒకే గదిలో కలిపాక కూడా కూనకి నాలుగైదు నెలలు వచ్చేదాకా మనిషి లేకుండా ఆ రెంటినీ ఒక్క క్షణం వదలకండి. పిల్ల పరుగెత్తడం మొదలుపెడితే ఎంత నెమ్మదైన కుక్కైనా వెంటపడొచ్చు. కూన ఎక్కి కూర్చోవడానికి ఎత్తులో ఓ అలమర అరో, బల్లో ఖాళీగా ఉంచండి.

ఎవరికైనా గోరు గీరుకున్నా, పన్ను దిగినా సబ్బుతో పావుగంట పాటు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, పీహెచ్‌సీకి వెళ్లి చూపించుకోవాలి. పసుపు, సున్నం రాసి ఊరుకోకూడదు.

మీది గట్టు పక్క ఊరు కాబట్టి ఇంకోటి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మీ వైపు సామాను సర్దుకోవడం మొదలవుతుంది. అలాంటప్పుడు కుక్కా పిల్లీ ఒకే డాబా మీద, ఒకే పడవలో ఉండాల్సి రావచ్చు. గాలి ఆడే మూత బుట్ట ఒకటి కూనకి ఇప్పుడే అలవాటు చెయ్యండి, రోజూ కాసేపు అందులో పడుకోబెట్టండి. టామీకి మెడపట్టీ, తాడు ఇంట్లో ఉంచండి. వాడి మందులు, కూన పాలపొడి ఆ బుట్ట పక్కనే పెట్టుకోండి.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఉంది. టామీ ఇదివరకు పిల్లులని గానీ కోడిపిల్లలని గానీ చంపాడా? ఆ సంగతి అత్తయ్యగారికి తెలుస్తుంది. చంపి ఉంటే, లేదా రెండు నెలలు ఓపిగ్గా ప్రయత్నించాక కూడా ఆ వేట చూపు పోకపోతే, వాళ్లిద్దరినీ ఒక ఇంట్లో పెట్టడం నేను ఒప్పుకోను. ఇల్లు వదలాల్సింది ముసలి కుక్క మాత్రం కాదు. రెండు నెలలు దాటిన పిల్లి గట్టిపడుతుంది, సొంతంగా తింటుంది, కొత్త ఇంట్లో ఇమిడిపోతుంది. కుక్క లేని ఇల్లు, పాప వెళ్లి చూసి రాగలిగేంత దగ్గరలో వెతకండి. ఈ సంగతి పాపకి ఆఖరి రోజున కాదు, ఇవాళే చెప్పండి. ఇల్లు ఎంచేటప్పుడు తననీ తీసుకెళ్లండి, పిల్లిని తన చేతులతోనే ఇప్పించండి.