చీలమండ మీద తామర పచ్చబొట్టు: సమాధానం

చీలమండ మీద తామర పచ్చబొట్టు వేయించుకోవాలని, అందులో ధ్యాన బుద్ధుణ్ని కూడా చేర్చాలని ఉందని, చీలమండ మీద వద్దని అమ్మగారు అంటున్నారని, త్వరలో మీరు శ్రీలంక వెళ్తున్నారని రాశారు. ముందు బొమ్మ సంగతి. మీరు పంపిన బొమ్మలోని నీలి "ఈజిప్టు తామర" నిజానికి కలువ జాతి. ఉదయం విచ్చుకుని తర్వాత ముడుచుకుంటుంది కాబట్టి ప్రాచీన ఈజిప్షియన్లు దానిని సూర్యుడితో, పునర్జన్మతో ముడిపెట్టారు. ఆ అర్థం నచ్చితే ఉంచుకోండి. మీరు రాసినట్లు బురద అంటని బౌద్ధ పద్మమే కావాలంటే మాత్రం బొమ్మ మార్పించాలి: ఆకులో చీలిక ఉండకూడదు, పువ్వు నడుమ గింజల దుద్దు కనిపించాలి. చాలామంది పచ్చబొట్టు కళాకారులు ఈ రెండింటినీ కలిపేస్తారు, చూసుకోండి. టిబెట్ సంప్రదాయంలో ఎర్ర పద్మం అవలోకితేశ్వరుడు అనే బోధిసత్వుడి కరుణకు గుర్తు. రంగు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

చోటు విషయంలో నేను అమ్మగారి పక్షమే. లక్ష్మీదేవికీ బుద్ధుడికీ ఆసనమైన పువ్వు పాదం దగ్గర ఎందుకు? భుజం మీద వేయించుకుంటే ఇంట్లో గొడవ కూడా తగ్గుతుంది.

శ్రీలంకలో అసలు చిక్కు బుద్ధుడి బొమ్మతో. 2014లో చేతిపై తామరలో కూర్చున్న బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు. మీరు చెప్పిన ఆ ధ్యాన బుద్ధుణ్ని మాత్రం పువ్వులో చేర్చకండి.