జోసెఫ్ చేతికి అందినంత మేర

చిరంజీవికి ఆశీస్సులు.

‘మెషినారియం’ అనే కంప్యూటర్ ఆట మీద నువ్వు రాసి పంపిన సమీక్షను రెండుసార్లు చదివాను. చెక్ దేశంలో యాకుబ్ ద్వోర్‌స్కీ నడిపే అమానితా డిజైన్ అనే చిన్న బృందం 2009లో విడుదల చేసిన ఆటను ఇన్నేళ్లకు ఎంచుకున్నందుకు సంతోషించాను గాని, మొదటి పేరాలోనే ‘అద్భుతం’ నాలుగుసార్లు కనిపించేసరికి నీరసం వచ్చింది. ఆట నీకు ముద్దొచ్చిందని అర్థమైంది. ఎందుకు ముద్దొచ్చిందో చివరిదాకా తెలియలేదు.

నగరద్వారం ఘట్టాన్నే తీసుకో. చెత్తకుప్ప మీద ముక్కలుగా పడిన జోసెఫ్ అనే మరమనిషి తన అవయవాలను తానే కూర్చుకొని ద్వారం దాకా వస్తే, కావలివాడు లోపలికి రానివ్వడు. అప్పుడు రోడ్డు మీద అడ్డంగా పెట్టే శంకువునొకదాన్ని నీలిరంగులో ముంచి, దాని కొనకు బల్బు తగిలించి, టోపీలా నెత్తిన పెట్టుకొని, జోసెఫ్ తానే పోలీసునన్నట్టు నిలబడతాడు. దీన్ని నువ్వు ‘హాస్యభరితమైన పజిల్’ అని ఊరుకున్నావు. ఆ శంకువూ, ఆ రంగూ, ఆ బల్బూ నీ వాక్యంలో ఉంటే ఆ విశేషణం అవసరమే ఉండేది కాదు.

కథ బలహీనమన్నావు. పాత్రల మధ్య ఒక్క మాటైనా లేని ఆట అది. చెప్పవలసినదంతా తల మీద తేలే బుడగల్లో కదిలే బొమ్మలే చెబుతాయి. దారి తోచక నువ్వు మౌస్ వదిలేసి కూర్చున్నప్పుడు, జోసెఫ్ తన ప్రియురాలు బెర్తాతో గడిపిన పాత రోజులనూ, నల్లటోపీల ముఠా తనను పెట్టిన బాధలనూ తలచుకుంటాడు. కథలో కొంత భాగం ఆగినవాడికే దొరుకుతుంది. నువ్వు ఆగలేదేమోనని నా అనుమానం.

లోపాలన్నిటినీ చివరి పేరాలోకి తోసేశావు. అసలు చిక్కు అక్కడే ఉంది. జోసెఫ్ చేతికి అందే వస్తువును మాత్రమే మనం ముట్టుకోగలం. అతడు నిలువునా సాగుతాడు, పొట్టిగా ముడుచుకుంటాడు. అందువల్ల ఏది ఎత్తున ఉందో, ఏది కిందుందో మన ఒంటికే తెలిసినట్టు ఉంటుంది. కాని అదే నియమం వల్ల, గొట్టాలతో, తుప్పుతో కిక్కిరిసిన ఆ అందమైన చేతిగీత చిత్రంలో ఏది పనికొచ్చే మీటో, ఏది ఉత్త బొమ్మో దూరం నుంచి తెలియక, ప్రతి మూలకూ నడిపించి, సాగదీసి, ముడిచి, క్లిక్ చేసుకుంటూ పోవలసి వస్తుంది. ముచ్చటా విసుగూ ఒకే నియమానికి పుట్టిన కవలలు కాబట్టి వాటిని వేరు పేరాల్లో కూర్చోబెట్టకు.

సారాకొట్టులో మరో మరమనిషితో వరుసగా ఐదు కాయలు పేర్చే పందెం సంగతి వేరు. అక్కడ నగరం ఆగిపోయి, పజిళ్ల పుస్తకంలోని పేజీ ఒకటి మధ్యలో అంటించినట్టు ఉంటుంది. చిన్నప్పుడు పులిజూదంలో మా వీధిలో ఎవరికీ ఓడని నేను, ఆ ఇనుప ముఖానికి రెండు సాయంత్రాలు ఓడాను. ఓడినంతసేపూ నాకు జోసెఫ్ గాని బెర్తా గాని గుర్తుకు రాలేదు. మొదటి లోపాన్ని నేను క్షమిస్తాను, దీన్ని క్షమించను. ఈ తేడా నీకు కనిపించిందా లేదా అన్నది నీ సమీక్షలో తెలియాలి.

పరిష్కారాల పుస్తకాన్ని నువ్వు ప్రస్తావించకపోవడం ఆశ్చర్యమనిపించింది. ప్రతి దశలోనూ చిన్న సూచన ఒకటి ఊరికే ఇస్తారు. పూర్తి పరిష్కారం కావాలంటే మాత్రం తాళం వేసిన పుస్తకాన్ని తెరవాలి. అందుకు సాలీళ్లను కాల్చుకుంటూ తాళంచెవిని తాళం దాకా చేర్చే చిల్లర ఆట ఒకటి ఆడాలి. సాయం అడిగినవాడి చేత కాస్త కూలి చేయించుకునే ఈ గడుసుతనం ఆట స్వభావాన్నంతా చెబుతుంది.

తిరగరాసి పంపేటప్పుడు ఆ పుస్తకాన్ని నువ్వు ఎన్నిసార్లు తెరిచావో దాచకుండా రాయి. నేను ఏడుసార్లు తెరిచాను.