పాత డిస్కు బీరువాలో పెట్టాకే మొదలుపెట్టు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి షాపు మూసే వేళకు మీ అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, అది సంక్రాంతి సెలవులకొచ్చి ల్యాప్‌టాప్‌లో విండోస్ పీకేసి లైనక్సో గీనక్సో వేస్తుందట. దాని బుర్రలోకి ఎక్కించింది నువ్వేగా" అని ఒకటే కేకలు. నాకేం తెలీదని ఒట్టు వేశాను. ఫోన్ పెట్టేశాక ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. మన రెండిళ్ళలో స్క్రూడ్రైవరు పట్టిన రెండో మనిషివి నువ్వు. తీరా అన్నం ముందు కూర్చున్నాక ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో గుర్తొచ్చింది. ముద్ద దిగలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే రెండు లైన్లు చదివి బొటనవేలు బొమ్మ పెడతావు, నాకు తెలుసు.

నువ్వు అనుకున్నది తప్పు కాదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేశారు. మీ నాన్న ల్యాప్‌టాప్ పదేళ్ళ నాటిది, దానికి 11 ఎక్కదు. తూకానికి అమ్మేయమని బజార్లో ఎవరో చెప్పారట. 4 జీబీ ర్యామ్‌తో అది ఇంకో కొన్నేళ్ళు హాయిగా నడుస్తుంది. లైనక్స్ మింట్ వెయ్యి, విండోస్‌కి బదులు పైసా లేకుండా వాడుకునేది. అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. దాని 22వ వెర్షన్‌ను ఇంకో లైనక్స్ రకమైన ఉబుంటు 24.04 మీద కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మీ హాస్టల్లో ఎవరో ఆర్చ్ అనే కష్టమైన లైనక్స్ వేసుకున్నారని నువ్వూ అదే అంటున్నావట. అది నీ సొంత డబ్బుతో కొన్న మిషన్ మీద వేసుకో. మీ అమ్మ కరెంటు బిల్లు కట్టే మిషన్ మీద కాదు.

పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడం నీకు నేను చెప్పాలా? దించిన ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెక్‌సమ్ నంబరుతో ఒకసారి సరిచూసుకో, అంతే. ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ మీదనుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండు, కెమెరా, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయో లేదో చూడు. ఛార్జరు పెట్టే ఉంచు, ఆ బ్యాటరీ పది నిమిషాలకు మించి ఆగదు.

ఇక నన్ను భయపెట్టిన సంగతి. కొత్త ఎస్ఎస్‌డీ డిస్కు కొన్నావట, దాన్ని లోపల పెట్టి, పాత హార్డ్‌డిస్కును డీవీడీ డ్రైవ్ తీసిన చోట కేడీ అనే చట్రంలో బిగిస్తావట. మంచి ఆలోచనే. కేడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లు రెండు మందాల్లో వస్తాయి, డ్రైవ్ కొలిచి కొను. కానీ ఒకే మిషన్లో రెండు డిస్కులు పెట్టుకుని ఇన్‌స్టాలర్ తెరిచావంటే మాత్రం నేను ఊరుకోను. ఎందుకో చెప్తాను. ఈ కథ మీ అమ్మకు సగమే తెలుసు.

2005. షాపు పెట్టి ఏడేళ్ళు. పెళ్ళి శుభలేఖలు, ఓటర్ల స్లిప్పులు, గుడి కరపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో కొట్టేవాళ్ళం. అప్పట్లో ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళందరికీ పైసా తీసుకోకుండా పోస్టులో సీడీలు పంపేవాళ్ళు. విదేశీ ముద్రతో ఆ కవరు వచ్చిన రోజు పోస్ట్‌మేన్‌కి టీ ఇప్పించాను. జాగ్రత్తపరుణ్ణి కదా, షాపు డిస్కు ముట్టుకోకూడదని సెకండ్ హ్యాండ్‌లో ఇంకో డిస్కు కొన్నాను. అదీ 40 జీబీ, ఇదీ 40 జీబీ.

ఆ రోజుల్లో రెండు డిస్కులకూ ఒకటే వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండేది. జంపర్లు, అంటే డిస్కు వెనక పిన్నులకు పెట్టే చిన్న టోపీలు, కేబుల్ సెలెక్ట్‌లో ఉంటే చివర తగిలించింది మాస్టర్, మధ్యలో తగిలించింది స్లేవ్. కొత్తది బిగించేటప్పుడు చెయ్యి దూరడం లేదని కేబుల్ చివర దానికి ఇచ్చి, పాతదాన్ని మధ్య కొనకు మార్చాను. మార్చిన సంగతి మర్చిపోయాను. తెల్లారి ఇన్‌స్టాలర్ నీలం తెర మీద మాస్టర్‌ని హెచ్‌డీఏ, స్లేవ్‌ని హెచ్‌డీబీ అని రెండు చూపించింది. పాతది మొదటిది, కొత్తది రెండోది అని నా లెక్క. హెచ్‌డీబీ మొత్తం తుడిచేయమన్నాను. మార్పులు డిస్కు మీద రాయనా అని అది మళ్ళీ అడిగింది. పక్కనే డిస్కు మోడల్ నంబరు కూడా ఉంది. చదవలేదు. అవును అన్నాను.

ముక్కాలు గంటలో అయిపోయింది. గోధుమ రంగు తెర వచ్చింది. ఎంత సంబరపడ్డానంటే, అరుగు మీద పేపరు చదువుకుంటున్న మీ తాతయ్యను పిలుచుకొచ్చి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుందిరా. ఇందులో నా పుస్తకం ఎలా కనబడుతుందో చూపించు" అన్నాడు.

తాతయ్య కరణం అని నీకు తెలుసు. 1984లో కరణాల ఉద్యోగాలు తీసేశాక ఆయన దగ్గర మిగిలింది జ్ఞాపకం ఒక్కటే. ఊళ్ళో ఏ చేను పేరేమిటి, ఆ పేరెందుకు వచ్చింది, ఏ డొంక ఎవరి హద్దు, ఏ బావి ఏ కరువులో తవ్వారు, ఇవన్నీ తెల్లకాగితాల నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. సాయంత్రాలు షాపులో నా పక్కన కూర్చుని చదివి చెబుతుంటే రెండేళ్ళపాటు నేనే కొట్టాను. 140 పేజీలు. సన్నాసి దిబ్బ, జిల్లేళ్ళ చేను, ఏడుపుల కుంట. అంతా ఎక్కించాక, "ఇంకా ఈ నోటుపుస్తకాలెందుకు, కంప్యూటర్లో ఉందిగా" అన్నది నేనే. ఆ మాట పట్టుకుని అమ్మమ్మ వాటిని పాతపేపర్లతో కలిపి తూకానికి వేసేసింది.

ఆ ఉదయం ఫోల్డరు వెతకడానికి తెరిస్తే మొదటి డిస్కు ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది కేబుల్. అరచేతులు చల్లబడ్డాయి. "కాస్త ఆగు నాన్నా, ఇంకా కాస్త అమర్చాలి" అని అబద్ధమాడాను.

అసలు ఘోరం ఆ తర్వాత చేసింది. మిషన్ ఆపెయ్యాల్సింది పోయి, తిరిగి తెచ్చుకుందామని రెండు రోజులు అదే డిస్కు మీద అవీ ఇవీ ఎక్కించాను. తుడిచినది వెంటనే పోదమ్మా. ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక పోతుంది, సరుకు చాలావరకు అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేదాకా. ఆ రాసింది కూడా నేనే. చివరికి బెజవాడలో ఒకతను పేరూ వరసా లేని ముక్కలు కొన్ని తీసిచ్చాడు. శుభలేఖలు దండిగా వచ్చాయి. తాతయ్యవి ఒక్క పేజీ రాలేదు.

మిగిలింది 11 పేజీలు. ప్రూఫు చూడ్డానికి తీసినవి. కాగితం దండగ ఎందుకని వాడేసిన కాగితాల వెనకవైపు తీశాను. ఒకవైపు ఎవరిదో శుభలేఖలో సుముహూర్తం, రెండోవైపు ఏడుపుల కుంటకు ఆ పేరెందుకొచ్చిందో.

చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. తాతయ్య తిట్టలేదు. "ఇంకెక్కడా లేదా?" అని ఒక్కసారి అడిగాడు. మర్నాడు వంద పేజీల నోటుపుస్తకం తెమ్మన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. తూర్పు చేలు అయ్యాయి. పడమటి చేలు కాకుండానే పోయాడు.

ఇప్పుడు నీ డిస్కు సంగతి. అందులో డీ డ్రైవ్‌లో 'అమ్మమ్మ' అని ఫోల్డరుంది, చూశావా? 2014 వేసవి. అల్లుడి ముందు పాడనని ఆవిడ భీష్మించుకుంటే, మీ నాన్నను వీధిలోకి పంపించి, చిన్నపిల్లవి నువ్వే ఫోను పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నావు. రెండు మంగళహారతులు, ఒక అప్పగింతల పాట. మధ్యలో కుక్కరు కూత, "ఆ మంట తగ్గించవే" అని మీ అమ్మ మీద అరుపు. ఆ ఫోను ఎప్పుడో పోయింది. అమ్మమ్మా పోయింది. ఇంకెక్కడా లేదా అని ఈసారి నేను అడగాల్సి రాకూడదు.

కాబట్టి ముందు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మొత్తం కాపీ చెయ్యి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో నాకు పంపు, ఇది మీ ఇంట్లో ఉండకూడదు. కాపీ అయిందని పట్టీ నిండగానే నమ్మకు. వేరే మిషన్లో పెట్టి పాట మొదటినుంచి చివరిదాకా విను. తర్వాత పాత హార్డ్‌డిస్కు విప్పి, గుడ్డలో చుట్టి, మీ అమ్మ పట్టుచీరల బీరువాలో పెట్టు. అది బీరువాలో ఉండగా లోపల ఎస్ఎస్‌డీ ఒక్కటే పెట్టి ఇన్‌స్టాల్ చెయ్యి. అప్పుడు నువ్వు ఏ బటన్ నొక్కినా నాకు దిగుల్లేదు. సైజు చూసి పోల్చుకుంటాను, ఇప్పటి డిస్కు పేర్లలో ఎస్‌డీఏ ఏదో ఎస్‌డీబీ ఏదో నాకు తెలుసు అంటావు. నాకూ తెలుసు అనుకున్నాను.

విప్పే ముందు విండోస్‌ని మామూలుగా ఆపకు, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కు. లేకపోతే అది సగం నిద్రలో ఆగుతుంది. తర్వాత కేడీలో పెట్టినప్పుడు లైనక్స్ ఆ డ్రైవ్‌ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. డిస్కు పాడైందని కంగారు పడతావు. ఇంకోటి. విండోస్, లైనక్స్ రెండూ మార్చి మార్చి వాడితే విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మిషన్ గడియారాన్ని లైనక్స్ ప్రపంచ సమయంలో ఉంచితే, విండోస్ దాన్ని మన టైము అనుకుంటుంది. ఈ ఒక్క గొడవకు నేను మదర్‌బోర్డు బ్యాటరీ రెండుసార్లు మార్చాను. నవ్వకు.

వైఫై రాకపోతే ఏడుస్తూ కూర్చోకు. ఫోన్ని కేబుల్‌తో కలిపి ఫోను నెట్ మిషన్‌కి వచ్చేలా యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, డ్రైవర్ మేనేజర్ తెరువు. పాత ల్యాప్‌టాపుల్లో వైఫై చిప్ డ్రైవర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తెర నల్లగా ఉండిపోతే మిషన్ మొదలయ్యే బూట్ లైన్లో నోమోడ్‌సెట్ (nomodeset) అన్న మాట చేర్చి చూడు. ఎర్రర్ వస్తే ఆ వాక్యం మొత్తం కాగితం మీద రాసుకుని వెతుకు. "ఏదో వచ్చింది మావయ్యా" అని ఫోన్ చేస్తే పెట్టేస్తాను. ఎవరో రాసిన సుడో కమాండు అర్థం కాకుండా అతికించకు. సుడో అంటే సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇచ్చే ఇనప్పెట్టె తాళం.

సోకులు వారం తర్వాత. థీములు, ఐకాన్లు, కింది పట్టీ పైకి, పై పట్టీ కిందికి, నాకు తెలీని జబ్బు కాదు. కాంపిజ్ అనే సోకుల సాఫ్ట్‌వేర్ వచ్చిన కొత్తలో డెస్క్‌టాప్ ఘనంలా గిర్రున తిరుగుతుంటే రాత్రి రెండింటిదాకా తిప్పుతూ కూర్చునేవాణ్ణి. మర్నాడు శుభలేఖలవాళ్ళు వచ్చి తిట్టేవాళ్ళు. ముందు, చెడితే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసి, అప్పుడు తిప్పుకో. ఆ టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్‌నే దాస్తుంది, నీ ఫోటోలనూ పాటలనూ కాదు. అది ఉందని నా రెండు కాపీలు ఎగ్గొట్టకు.

తెలుగు కీబోర్డుకు ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరిక నేర్చుకో. అనూ కీబోర్డుకు అలవాటుపడ్డ నా వేళ్ళు ఇక మారవు, నీవి మారతాయి. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్లోనే దొరుకుతాయి. మెనూలు కూడా ఒకసారి తెలుగులో పెట్టి చూడు. తాతయ్య చివరి రోజుల్లో నేనలా పెడితే, ఆయన 'దస్త్రం' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. "ఇది మా మాట కదరా! దీన్ని కంప్యూటర్లోకి ఎవరు తెచ్చారు?" అని ఆ పూటంతా వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

పండక్కి రెండు రోజులు ముందే తెనాలి రా. ఆ 11 పేజీలు, తూర్పు చేల నోటుపుస్తకం నా దగ్గరున్నాయి. నువ్వు యూనికోడ్‌లో కొట్టు, ఈసారి పక్కన కూర్చుని చదివి చెప్పేది నేను. మీ అత్త అరిసెలు వండుతుంది.

ల్యాప్‌టాప్ విప్పేది పగటిపూట విప్పు, మంచం మీద కాదు, బల్ల మీద. స్క్రూలు సీసా మూతలో వేసి ఎత్తుగా ఎక్కడన్నా పెట్టు. కింద పెట్టావా, మీ అమ్మ ఊడ్చేస్తుంది.

నీ మావయ్య