గదికి తాళం సరే, సిమ్‌కు వేశారా?

ప్రశ్న: బరంపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. మా వరండాలో ఈ నెల రెండు ఫోన్లు పోయాయి. గదికి, బీరువాకు తాళాలు వేస్తూనే ఉన్నాం. ఇంకేం చెయ్యాలి?
– ఒక విద్యార్థి, ఇచ్ఛాపురం

జవాబు: తాళం కన్నా ముందు గొళ్ళెం చూడండి. హాస్టల్ బీరువాలకు దాన్ని చిన్న స్క్రూలతో బిగించేస్తారు. తలుపు మూసినా ఆ స్క్రూల తలలు బయటికే ఉంటే, తాళం ముట్టుకోకుండానే పలక ఊడదీయొచ్చు. గాడి లేని గుండ్రటి తల బోల్టులు వేయించి, లోపలివైపు వాషరు, నట్టు బిగించండి. తాళంకప్ప కడ్డీ 8 మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. గదిలో అంతకుముందున్న వాళ్ళ తాళం మాత్రం వాడకండి, దాని రెండో చెవి ఎవరి దగ్గరుందో!

నిజానికి ఫోన్ కొట్టేయడానికి తాళం పగలగొట్టే పని పెద్దగా ఉండదు. స్నానానికి వెళ్తూ తలుపు ఊరికే దగ్గరికి వేస్తారు, ఫోను కిటికీ పక్కన ఛార్జింగ్‌కు పెడతారు. ఊచల్లోంచి కర్ర దూరితే చాలు. ప్లగ్ అక్కడే ఉంటే ఎక్స్‌టెన్షన్ బాక్సుతో మంచం తలవైపుకు మార్చుకోండి.

చాలామంది పట్టించుకోనిది సిమ్. ఫోనుకు లాక్ ఉన్నా, సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే మీ ఓటీపీలు దొంగకే వస్తాయి. సెట్టింగ్స్‌లో ‘సిమ్ లాక్’ పెట్టండి. మొదట సిమ్ కంపెనీ పెట్టిన పిన్ ఏమిటని ఫోన్ అడుగుతుంది. ఊహించి కొట్టకండి, కస్టమర్ కేర్‌ను అడగండి. 3 సార్లు తప్పితే పీయూకే (లాకైన సిమ్‌ను తెరిచే కోడ్) కావాలి, అదీ 10 సార్లు తప్పితే సిమ్ ఇక పనికిరాదు. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) నోటుపుస్తకంలో రాసుకోండి. దాని ఫోటో ఆ ఫోన్లోనే ఉంటే ఏం లాభం?

ప్రశ్న: పలాస నుంచి బరంపురం వస్తూ రైల్లో బ్యాగు పోతే ఫిర్యాదు ఆంధ్రాలోనా, ఒడిశాలోనా?
– ఒక విద్యార్థిని, పలాస

జవాబు: ఎక్కడైనా ఇవ్వొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, దొంగతనం ఎవరి హద్దులో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. రైల్లోంచే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి, బరంపురంలో దిగాక రైల్వే పోలీసులకు రాసివ్వండి. ఒడియా రాకపోతే ఇంగ్లీషులో రాయండి. ‘పోయింది’ అని కాదు, ‘దొంగిలించారు’ అని రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

బ్యాగులో ఫోన్ ఉంటే ముందు బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత సిమ్ బ్లాక్, పోలీసు ఫిర్యాదు, అదే నంబరుకు డూప్లికేట్ సిమ్. కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించడానికి ఓటీపీ కావాలి, కొత్త సిమ్‌కు మెసేజ్‌లు రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఈలోగా గూగుల్ ఖాతాతో ఫోన్ ఎక్కడుందో వెతకండి, బ్లాక్ అయ్యాక దానికి సిగ్నలే ఉండదు. సంచార్ సాథీలో ఇచ్చే రిక్వెస్ట్ ఐడీ దాచుకోండి, ఫోను దొరికితే బ్లాక్ తీయించుకోవడానికి అదే కావాలి.