సిమెంటు గట్టిగానే ఉంది, ఇటుకే పొడి అవుతోంది

ప్రశ్న: మాది పక్కిళ్లతో గోడలు కలిసిన పాత మేడ, సున్నంతో కట్టింది. ఇటుకల సందులు ఊడుతున్నాయని సిమెంటు పెట్టించాం. ఇప్పుడు ఇటుకలే పెచ్చులూడుతున్నాయి. ఎందుకు?

జవాబు: గోడలోకి చేరిన తడి ఎటో ఒకవైపు బయటికి పోవాలి. సున్నపు సందులు దానికి దారి ఇస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి మెత్తటి ఇటుకలోంచే ఆరుతుంది; నీటిలోని ఉప్పు ఇటుక పైపొర వెనక గట్టిపడి పొరను తోసేస్తుంది. అందుకే ముందు తడి ఎక్కడిదో చూడండి: కారే గొట్టమా, గోడ వెంట మెరక చేసిన నేలా? అది ఆగకుండా సందులు ముట్టుకోవద్దు.

తర్వాత సన్న ఉలి, సుత్తితో సిమెంటు తీయించండి. గ్రైండర్ వద్దు, నిలువు సందుల్లో అది పైఇటుకనూ కింది ఇటుకనూ కోసేస్తుంది. సిమెంటుతోపాటు ఇటుక అంచు కూడా విరిగివస్తుంటే అక్కడ వదిలేయడమే మేలు. సందు వెడల్పుకు కనీసం రెట్టింపు లోతు తీయాలి, అంటే 10 మిల్లీమీటర్ల సందుకు 20 నుంచి 25. దుమ్ము దులిపి, తడిపి, నీరు ఇంకాక సున్నం పెట్టాలి. పాళ్లు కొలత ప్రకారం నానిన సున్నపు ముద్ద 1, కడిగిన గరుకు ఇసుక 3. లోతైన చోట ఒకేసారి కుక్కకుండా 10 మిల్లీమీటర్ల పొరలుగా, ముందుది బిగిశాక తర్వాతది. అరిగిన ఇటుకల దగ్గర కాస్త లోపలికే ఆపండి. అంచుమీదికి పాకిన పలుచని పూత త్వరగా రాలిపోతుంది.

ఆపైన కనీసం వారం తడి గోనెపట్టా కప్పాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది, దానికి చెమ్మ కావాలి. ఎండకు గబగబా ఆరితే గీకగానే పొడి అవుతుంది. ‘బలానికి’ గుప్పెడు సిమెంటు కలుపుతామంటే ఒప్పుకోకండి. ఆ కొద్దిపాటి సిమెంటు బలమూ ఇవ్వదు, సున్నాన్ని సరిగా గట్టిపడనివ్వదు.

ప్రశ్న: కాగితాలు లేవు. ఇంటి చరిత్ర గోడను చూసి తెలుసుకోవచ్చా?

జవాబు: కొంతవరకు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ 1824లో వచ్చినా, సున్నపు కట్టుబడి ఆ తర్వాత చాలాకాలం సాగింది. కాబట్టి సున్నం ఒక్కటే వయసు చెప్పదు. అల్లిక చూడండి. ఇటుకలు వరుసవరుసకూ పెనవేసుకోకుండా, సందులు నిలువునా ఒకే గీతగా దిగితే అక్కడ కిటికీ మూశారు, లేదా తర్వాత గది కలిపారు. ఇటుక కొలత మారినచోట కూడా అదే అనుమానం. ఇవన్నీ ఫొటోలు తీశాకే మరమ్మతు మొదలుపెట్టండి. ఇసుక చిమ్మి శుభ్రం చేయించడం మాత్రం వద్దు, కాలి గట్టిపడిన పైపొర పోతే ఇటుకకు మళ్లీ రాదు.