అక్కయ్యకు జీఈడీ అవసరమా? (సమాధానం)

ఇంటర్ చదివి, గ్రీన్‌కార్డుతో కాలిఫోర్నియా వచ్చి, అడల్ట్ స్కూల్లో ఇంగ్లిష్ పూర్తిచేసిన మీ అక్కయ్య జీఈడీ (హైస్కూలు డిప్లొమాకు సమానమైన పరీక్ష) రాయాలా అని అడిగారు. ఆ దిగులు వదిలేయండి. 18 ఏళ్లు నిండినవారిని అక్కడి కమ్యూనిటీ కాలేజీలు ప్రవేశ పరీక్ష లేకుండానే చేర్చుకుంటాయి. ఇంటర్ మెమో మాత్రం భద్రం! ఫాఫ్సా (చదువుకు అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం కోరే దరఖాస్తు) ద్వారా వచ్చే సాయానికి హైస్కూలు చదువు రుజువు అడిగితే చూపాల్సింది అదే. ఏడాదికి పైగా ఆ రాష్ట్రంలో స్థిరపడినవారికి ఫీజు యూనిట్‌కు (కోర్సు క్రెడిట్‌కు) 46 డాలర్లు. ఆదాయం తక్కువైతే ప్రామిస్ గ్రాంటు అనే ఫీజు మాఫీతో అదీ ఉండదు.

పిల్లలతో పని ఇష్టమన్నారు కదా, శిశువిద్యలో 12 యూనిట్లు, 50 రోజుల పని అనుభవం ఉంటే అసోసియేట్ టీచర్ పర్మిట్‌కు (చిన్నపిల్లల కేంద్రాల్లో బోధించే అనుమతికి) దరఖాస్తు చేయవచ్చు. మా ఆవిడ మొదటి సెమిస్టర్‌లో ఒక్క సాయంత్రం క్లాసే తీసుకుంది, అదీ కుక్కర్ కూతల మధ్య చదువుకుంటూ. మీ అక్కయ్యనూ అలాగే మొదలుపెట్టమనండి.